యూనిట్ 14: కణ ఉపరితల గ్రాహకాలను బంధించే చిన్న ప్రోటీన్ల రూపకల్పన

14.0 లక్ష్యాలు

ఈ యూనిట్‌ను చదివిన తరవాత మీరు ఈ కింది పనులు చేయగలగాలి:

• ఒక అణువు గ్రాహకానికి అతుక్కోవడానికీ, దాని ద్వారా కణంలోకి సంకేతం పంపడానికీ ఉన్న తేడాను వివరించడం
• వియోజన స్థిరాంకం తెలిసినప్పుడు ఎంత శాతం గ్రాహకాలు నిండుతాయో లెక్కించడం
• చిన్న ప్రోటీన్‌ను కంప్యూటర్ సాయంతో రూపొందించే దశలను వరసగా చెప్పడం
• నియో-2/15 అనే ప్రోటీన్ ఉదాహరణగా, రూపకల్పన ఎంతవరకు నెగ్గిందో, ఎక్కడ ఆగిందో చర్చించడం

14.1 పరిచయం

కిందటి యూనిట్లలో మీరు ప్రోటీన్ నిర్మాణంలోని నాలుగు స్థాయిలను, కణత్వచం నిర్మాణాన్ని చదివారు. ఆ రెండు విషయాలూ ఈ యూనిట్‌లో ఒకచోటికి వస్తాయి. ఒక వైద్య సమస్యతో మొదలుపెడదాం.

మన రక్తంలోని టీ కణాలు ఇంటర్‌ల్యూకిన్-2 అనే ప్రోటీన్‌ను స్రవిస్తాయి. దీన్ని క్లుప్తంగా ఐఎల్-2 అంటారు. ఇది 133 అమైనో ఆమ్లాల గొలుసు. రోగనిరోధక కణాలు విభజన చెంది సంఖ్య పెంచుకోవడానికి ఇది సంకేతం. క్యాన్సర్ కణాలను చంపగల టీ కణాలు పెరిగితే గడ్డ కరుగుతుంది కదా అన్న ఆలోచనతో దీన్ని మందుగా ప్రయత్నించారు. వేరే అవయవాలకు పాకిన మూత్రపిండ క్యాన్సర్‌కు 1992లో, మెలనోమా అనే చర్మ క్యాన్సర్‌కు 1998లో అమెరికా ఔషధ నియంత్రణ సంస్థ దీన్ని అనుమతించింది. మందు తీసుకున్నవారిలో కొద్దిమందికి గడ్డలు పూర్తిగా మాయమై, ఏళ్ల తరబడి తిరిగి రాలేదు.

అయితే ఈ ఫలితం కోసం చాలా ఎక్కువ మోతాదు ఇవ్వాల్సి వచ్చింది. ఆ మోతాదులో రక్తకేశనాళికల నుంచి ద్రవం బయటికి కారుతుంది, రక్తపోటు పడిపోతుంది, ఊపిరితిత్తుల్లో నీరు చేరుతుంది. అందువల్ల తీవ్ర చికిత్స సదుపాయాలున్న ఆసుపత్రిలో, తట్టుకోగల రోగులకు మాత్రమే దీన్ని ఇవ్వగలిగారు.

మేలునూ కీడునూ విడదీయగలమా? ఐఎల్-2లో మనకు కావలసిన గుణాన్ని మాత్రమే నిలిపి, వద్దనుకున్న గుణాన్ని తీసివేసిన కొత్త ప్రోటీన్‌ను కంప్యూటర్‌లో గీసి తయారుచేయగలమా? ఈ యూనిట్ అంతా ఈ ప్రశ్న చుట్టూ నడుస్తుంది. దీనికి జవాబు వెతకాలంటే ముందు గ్రాహకం ఎలా పనిచేస్తుందో చూడాలి.

14.2 గ్రాహకం: అతుక్కోవడం, సంకేతం పంపడం

14.2.1 మూడు గొలుసుల గ్రాహకం

ఐఎల్-2 గ్రాహకంలో మూడు ప్రోటీన్ గొలుసులు ఉంటాయి. వాటిని ఆల్ఫా, బీటా, గామా గొలుసులు అంటారు. మూడూ కణత్వచంలో నాటుకుని, బయటి భాగాలతో ఐఎల్-2ను పట్టుకుంటాయి. కణం లోపలికి సంకేతం పంపే పని మాత్రం బీటా, గామా గొలుసులదే. ఐఎల్-2 ఈ రెంటినీ ఒకేసారి పట్టుకుని దగ్గరికి చేర్చినప్పుడు, వాటి లోపలి చివరలకు అంటుకుని ఉన్న జాక్1, జాక్3 అనే ఎంజైమ్‌లు ఒకదాన్నొకటి ఉత్తేజపరుస్తాయి. అవి స్టాట్5 అనే ప్రోటీన్‌కు ఫాస్ఫేటును చేరుస్తాయి. స్టాట్5 కేంద్రకంలోకి వెళ్లి జన్యువులను పనిలో పెడుతుంది.

ఆల్ఫా గొలుసు సంకేతం పంపదు. ఐఎల్-2ను పట్టుకుని బీటా, గామాలకు అందించడం దాని పని. అది ఉన్న కణానికి చాలా కొద్ది ఐఎల్-2 కూడా సరిపోతుంది.

14.2.2 వియోజన స్థిరాంకం

రెండు అణువులు ఎంత గట్టిగా అతుక్కుంటాయో చెప్పే కొలత వియోజన స్థిరాంకం. సగం గ్రాహకాలు నిండడానికి కావలసిన గాఢత ఎంతో అదే దాని విలువ. విలువ తగ్గేకొద్దీ బంధం గట్టిది అని అర్థం. ఈ తలకిందుల సంబంధం దగ్గర విద్యార్థులు తరచు తడబడతారు, గుర్తుంచుకోండి. నిండిన గ్రాహకాల భాగాన్ని ఇలా లెక్కిస్తాం:

నిండిన భాగం = గాఢత ÷ (గాఢత + వియోజన స్థిరాంకం)

మూడు గొలుసులూ ఉన్న గ్రాహకానికి ఐఎల్-2 వియోజన స్థిరాంకం సుమారు 0.01 నానోమోలార్. బీటా, గామా మాత్రమే ఉన్న గ్రాహకానికి అది సుమారు 1 నానోమోలార్. అంటే 100 రెట్లు తేడా.

లెక్క 1: ఐఎల్-2 గాఢత 0.1 నానోమోలార్ అనుకుందాం. మూడు గొలుసుల గ్రాహకంలో నిండిన భాగం 0.1 ÷ 0.11, అంటే సుమారు 91 శాతం. రెండు గొలుసుల గ్రాహకంలో 0.1 ÷ 1.1, అంటే సుమారు 9 శాతం.

లెక్క 2: రెండు గొలుసుల గ్రాహకం కూడా 91 శాతం నిండాలంటే గాఢత ఎంత ఉండాలి? 10 ÷ 11 అంటే సుమారు 91 శాతం కాబట్టి 10 నానోమోలార్ కావాలి. మొదటి గాఢతకు ఇది 100 రెట్లు.

14.2.3 మోతాదు ఎందుకు పెరుగుతుంది?

ఈ రెండు లెక్కలను ఇప్పుడు రోగి శరీరానికి అన్వయించి చూడండి. క్యాన్సర్‌పై పోరాడే చాలా టీ కణాల మీద, సహజ హంతక కణాల మీద బీటా, గామా గొలుసులు ఉంటాయి. ఆల్ఫా చాలా తక్కువ. మరోవైపు, రోగనిరోధక స్పందనను అదుపుచేసే నియంత్రక టీ కణాల మీద ఆల్ఫా ఎప్పుడూ పుష్కలంగా ఉంటుంది. కొద్ది మోతాదు ఇస్తే అది ఎక్కువగా నియంత్రక కణాలకే చేరుతుంది. అవి పోరాటాన్ని అణచివేస్తాయి. పోరాడే కణాలకు అందాలంటే మోతాదు ఎన్నో రెట్లు పెంచాలి. ఊపిరితిత్తుల రక్తనాళాల లోపలి గోడ కణాల మీద కూడా ఆల్ఫా ఉన్న గ్రాహకాలు ఉన్నాయనీ, ద్రవం కారడానికి అవి కారణమవుతాయనీ ఎలుకలపై చేసిన ప్రయోగాలు చూపాయి.

దీన్నిబట్టి మనకు కావలసిన ప్రోటీన్ లక్షణాలు తేలిపోయాయి: బీటా, గామా గొలుసులను గట్టిగా పట్టుకోవాలి, ఆల్ఫాను అసలు ముట్టకూడదు.

మీ ప్రగతిని సరిచూసుకోండి - 1
అ) వియోజన స్థిరాంకం 10 నానోమోలార్ అయిన ప్రోటీన్ 90 నానోమోలార్ గాఢతలో ఉంటే ఎంత శాతం గ్రాహకాలు నిండుతాయి?
ఆ) ఆల్ఫా గొలుసు సంకేతం పంపకపోయినా మోతాదును ఎలా ప్రభావితం చేస్తుంది?

14.3 చిన్న ప్రోటీనే ఎందుకు?

మాత్రల రూపంలో మనం మింగే మందుల్లో ఎక్కువ భాగం 500 డాల్టన్ల లోపు అణుభారం ఉన్న చిన్న రసాయనాలు. అవి పనిచేయాలంటే లక్ష్య ప్రోటీన్‌లో లోతైన గుంట ఉండాలి. ఎంజైమ్‌లలో అలాంటి గుంటలు ఉంటాయి. ప్రోటీన్‌ను ప్రోటీన్ పట్టుకునే చోట మాత్రం సాధారణంగా విశాలమైన, దాదాపు చదునైన తలం ఉంటుంది. చిన్న రసాయనానికి అక్కడ పట్టు చిక్కదు.

ప్రతిరక్షకాలు అలాంటి తలాలను చక్కగా పట్టుకుంటాయి. వాటినే యాంటీబాడీలు అని కూడా అంటారు. కానీ ఒక్కో ప్రతిరక్షకం సుమారు 1,50,000 డాల్టన్ల పెద్ద అణువు. దాన్ని క్షీరద కణాలలో తయారుచేయాలి, చల్లగా నిలవచేయాలి. గడ్డ లోపలికి అది నెమ్మదిగా చేరుతుంది.

65 అమైనో ఆమ్లాల చిన్న ప్రోటీన్‌ను తీసుకోండి. ఒక్కో అమైనో ఆమ్లం సగటున 110 డాల్టన్లు అనుకుంటే మొత్తం సుమారు 7,150 డాల్టన్లు. ప్రతిరక్షకంలో ఇరవయ్యో వంతు కూడా లేదు. అయినా చదునైన తలాన్ని పరుచుకుని పట్టుకోవడానికి ఈ పరిమాణం చాలు. బాక్టీరియాలో సులువుగా తయారవుతుంది. చక్కగా రూపొందించినవి 95 డిగ్రీల సెల్సియస్ దగ్గర కూడా ముడత విప్పుకోవు. ఒక ఇబ్బంది మాత్రం ఉంది. ఇంత చిన్న ప్రోటీన్‌ను మూత్రపిండాలు త్వరగా వడకట్టి బయటికి పంపిస్తాయి.

14.4 రూపకల్పనలోని అసలు చిక్కు

14.4.1 వెతకవలసిన చోటు ఎంత పెద్దది?

అమైనో ఆమ్లాలు 20 రకాలు. 65 స్థానాల గొలుసులో ఒక్కో స్థానంలో ఏదైనా ఉండవచ్చు. కాబట్టి సాధ్యమైన వరసలు 20⁶⁵, అంటే సుమారు 10⁸⁴. మనకు కనిపించే విశ్వంలోని పరమాణువుల సంఖ్యను సుమారు 10⁸⁰ అని అంచనా వేస్తారు. ఒక్కో వరసనూ తయారుచేసి చూడటం అసాధ్యం. వీటిలో చాలా వరకు స్థిరమైన ఆకారంలోకి ముడుచుకోవు కూడా.

గొలుసు ఆకారం ఆ గొలుసులోని వరసలోనే దాగి ఉందని అన్‌ఫిన్‌సెన్ ప్రయోగాలు నిరూపించాయి. అందుకు ఆయనకు 1972లో నోబెల్ బహుమతి లభించింది. వరసను బట్టి ఆకారం చెప్పడం ఒక సమస్య. ఇక్కడ మన సమస్య దానికి తిరుగుముఖం: కావలసిన ఆకారం ముందే నిర్ణయించుకుని, ఆ ఆకారంలోకి ముడుచుకునే వరసను కనుక్కోవాలి.

14.4.2 వెన్నెముకకు ఉన్న హద్దులు

వెతికే చోటును కుదించే మొదటి నియమం మన దేశంలోనే తయారైంది. మద్రాసు విశ్వవిద్యాలయంలో జి.ఎన్. రామచంద్రన్, తన సహచరులు సి. రామకృష్ణన్, వి. శశిశేఖరన్‌లతో కలిసి 1963లో ఒక పటాన్ని ప్రచురించారు. ప్రోటీన్ వెన్నెముక గొలుసులో ప్రతి అవశేషం దగ్గర ఫై, సై అనే రెండు కోణాలు మారగలవు. పరమాణువులు ఒకదానితో ఒకటి ఢీకొనకుండా ఉండాలంటే ఈ కోణాల జంటలలో కొన్ని మాత్రమే సాధ్యమని ఆ పటం చూపింది. హెలిక్స్‌కు ఒక ప్రాంతం, బీటా పలకకు మరొక ప్రాంతం కనిపిస్తాయి. కంప్యూటర్‌లో గీసిన ఏ వెన్నెముకనైనా ఈ పటం మీద పెట్టి చూడటం ఇప్పటికీ ప్రాథమిక పరీక్ష.

14.4.3 శక్తి లెక్కలోని పొరపాటు ఎంత ఖరీదు?

రెండు తలాలు అతుక్కోవడంలో నాలుగు అంశాలు చూడాలి. మొదటిది ఆకారం: ఎత్తుపల్లాలు ఒకదానిలో ఒకటి ఇమడాలి. రెండోది జలవిరోధి పార్శ్వ గొలుసులు: నీటికి దూరంగా ఇవి ఒకదానికొకటి చేరినప్పుడు బంధానికి ఎక్కువ బలం వస్తుంది. మూడోది హైడ్రోజన్ బంధాలు, విద్యుదావేశాలు: నీటితో ఉన్న హైడ్రోజన్ బంధాన్ని వదులుకుని లోపలికి వచ్చిన ప్రతి ధ్రువ సమూహానికీ అక్కడ కొత్త జోడు దొరకాలి. దొరకకపోతే నష్టమే. నాలుగోది ఎంట్రోపీ: అటూ ఇటూ కదిలే గొలుసు ఒకేచోట కుదురుకోవాలంటే కొంత శక్తిని చెల్లించుకోవాలి. ముందే బిగువుగా ముడుచుకున్న ప్రోటీన్‌కు ఈ ఖర్చు తక్కువ.

25 డిగ్రీల సెల్సియస్ దగ్గర 1 నానోమోలార్ బంధం విలువ సుమారు 12.3 కిలోకెలోరీలు, ఒక మోల్‌కు. వియోజన స్థిరాంకం 10 రెట్లు మారితే శక్తిలో తేడా దాదాపు 1.4 కిలోకెలోరీలు మాత్రమే. కంప్యూటర్ లెక్కలో సుమారు 4 కిలోకెలోరీల పొరపాటు దొర్లితే ఏమవుతుందో చూడండి. మనం 1 నానోమోలార్ అనుకున్న బంధం నిజానికి 1 మైక్రోమోలార్ అవుతుంది, అంటే 1,000 రెట్లు బలహీనం. జోడు దొరకని ఒకటి రెండు ధ్రువ సమూహాలు ఈ పొరపాటుకు చాలు. ఈ రంగంలో ఇన్ని వేల నమూనాలు ఎందుకు విఫలమయ్యాయో ఈ చిన్న లెక్కే చెబుతుంది.

14.5 రూపకల్పన దశలు

దశ 1: లక్ష్యాన్ని, చోటును ఎంచుకోవడం. గ్రాహకం బయటి భాగపు త్రిమితీయ నిర్మాణం కావాలి. ప్రయోగాల ద్వారా తేల్చిన నిర్మాణాలు 2 లక్షలకు పైగా ప్రోటీన్ డేటా బ్యాంకులో ఉన్నాయి. ఇంటర్నెట్ ఉన్న ఎవరైనా వాటిని ఉచితంగా చూడవచ్చు. గ్రాహకం తలం మీద ఎక్కడ పట్టుకోవాలో కూడా ఇక్కడే నిర్ణయించాలి. జలవిరోధి అవశేషాలు కొన్ని బయటికి తేలి ఉన్న చోటు అనుకూలం. చక్కెర గొలుసులు కప్పివేసిన చోటు పనికిరాదు.

దశ 2: వెన్నెముకను గీయడం. ఎంచుకున్న చోటుకు ఎదురుగా ఇమిడే ఆకారాన్ని తయారుచేయాలి. మూడు హెలిక్స్‌లు కట్టగా ఉన్న ఆకారాన్ని తరచు వాడతారు, ఎందుకంటే అది చిన్నదైనా స్థిరంగా ఉంటుంది. మొదట్లో రోసెట్టా అనే సాఫ్ట్‌వేర్‌తో వేలాది ఆకారాలను లక్ష్యం మీద పేర్చి చూసేవారు. 2023లో ప్రచురితమైన ఆర్ఎఫ్‌డిఫ్యూజన్ వేరే దారి పట్టింది. తెలిసిన ప్రోటీన్ నిర్మాణాలకు కొద్దికొద్దిగా గందరగోళాన్ని కలిపి, దాన్ని తిరిగి తొలగించడం ఆ కార్యక్రమానికి నేర్పారు. శిక్షణ తరవాత అది పూర్తి గందరగోళం నుంచి మొదలై, లక్ష్యానికి ఇమిడే కొత్త వెన్నెముకను మెల్లమెల్లగా తేల్చి ఇస్తుంది.

దశ 3: వరసను నింపడం. వెన్నెముకకు తగిన అమైనో ఆమ్లాలను ఎంచుకోవాలి. 2022లో వచ్చిన ప్రోటీన్‌ఎంపీఎన్ఎన్ అనే కార్యక్రమాన్ని పరీక్షించడానికి సహజ ప్రోటీన్ల వెన్నెముకలను మాత్రమే ఇచ్చి వరసను అడిగారు. అది 52.4 శాతం స్థానాలలో ప్రకృతి ఎంచుకున్న అమైనో ఆమ్లాన్నే ఎంచుకుంది. అదే పరీక్షలో రోసెట్టా సాధించింది 32.9 శాతం.

దశ 4: కంప్యూటర్‌లోనే తనిఖీ. తయారైన వరసను మాత్రమే ఆల్ఫాఫోల్డ్ వంటి నిర్మాణ అంచనా కార్యక్రమానికి ఇస్తారు. అది మన నమూనా చూడకుండా ఊహించిన ఆకారం మన నమూనాతో సరిపోలితేనే ఆ వరసను ముందుకు పంపుతారు. ఒకరు చేసిన లెక్కను మరొకరు వేరే పద్ధతిలో చేసి చూడటం వంటిది ఇది.

దశ 5: ప్రయోగశాల. వరసకు తగిన డీఎన్ఏను రసాయనికంగా తయారుచేసి ఈస్ట్ కణాలలో పెడతారు. ఒక్కో ఈస్ట్ కణం ఒక్కో నమూనా ప్రోటీన్‌ను తన ఉపరితలం మీద ప్రదర్శిస్తుంది. మెరిసే రంగు తగిలించిన గ్రాహకాన్ని వాటితో కలిపితే, దాన్ని పట్టుకున్న కణాలు మెరుస్తాయి. యంత్రం ఆ కణాలను వేరుచేస్తుంది. వాటి డీఎన్ఏ వరసను చదివితే నెగ్గిన నమూనాలు ఏవో తెలుస్తుంది. తరవాత ఒక్కోదాన్నీ శుద్ధిచేసి వియోజన స్థిరాంకం, వేడికి నిలకడ కొలుస్తారు. చివరగా స్ఫటిక నిర్మాణం తేల్చి, కంప్యూటర్ నమూనాతో పోల్చి చూస్తారు.

మీ ప్రగతిని సరిచూసుకోండి - 2
అ) దశ 3కూ దశ 4కూ వేరువేరు కార్యక్రమాలను ఎందుకు వాడతారు?
ఆ) చక్కెర గొలుసులు కప్పిన చోటును లక్ష్యంగా ఎందుకు ఎంచుకోరు?

14.6 ఉదాహరణ: నియో-2/15

ప్రకృతిలో లేని ఆకారంతో పూర్తిగా కొత్త ప్రోటీన్‌ను రూపొందించడం సాధ్యమేనని 2003లో టాప్7 అనే 93 అమైనో ఆమ్లాల ప్రోటీన్ నిరూపించింది. అమెరికాలోని వాషింగ్టన్ విశ్వవిద్యాలయంలో డేవిడ్ బేకర్ బృందం దాన్ని చేసింది. 2019లో ఆ విశ్వవిద్యాలయ పరిశోధకులూ వారి సహచరులూ నియో-2/15ను ప్రచురించారు. మనం పరిచయంలో వేసుకున్న ప్రశ్నకు అది నేరుగా జవాబు.

సహజ ఐఎల్-2 నాలుగు హెలిక్స్‌ల కట్ట. బీటా, గామా గొలుసులను తాకే ముఖం ఒకవైపు, ఆల్ఫాను తాకే భాగం మరోవైపు ఉంటాయి. సహజ ప్రోటీన్‌లో ఒకటి రెండు అమైనో ఆమ్లాలు మార్చి ఆల్ఫా పట్టును తగ్గించే ప్రయత్నాలు అంతకుముందే జరిగాయి. ఆ దారిలో ఒక ఇబ్బంది ఉంది. సహజ ఐఎల్-2 అంత బిగువైన ప్రోటీన్ కాదు, మార్పులు చేసేకొద్దీ నిలకడ దెబ్బతింటుంది. ఈ బృందం బీటా, గామాలను తాకే ముఖంలోని హెలిక్స్‌ల అమరికను మాత్రమే తీసుకుంది. హెలిక్స్‌లను కలిపే పొడవాటి మెలికలను, ఆల్ఫాను తాకే భాగాన్ని పూర్తిగా వదిలేసింది. మిగిలిన కట్టను చిన్న మెలికలతో, కొత్త వరసతో మళ్లీ నిర్మించింది.

ఫలితంగా వచ్చిన నియో-2/15లో 100 అమైనో ఆమ్లాలు ఉన్నాయి. ఐఎల్-2తో దీని వరస పోలిక చాలా తక్కువ. కాబట్టి ఇది ఐఎల్-2 పనిచేసినట్టు పనిచేసే వేరే ప్రోటీన్ అని అర్థం చేసుకోండి. ఐఎల్-15 అనే మరో సహజ ప్రోటీన్ కూడా అవే బీటా, గామా గొలుసులను వాడుకుంటుంది, పేరులోని 15 అందుకే వచ్చింది.

ప్రయోగశాలలో ఇది బీటా, గామా గొలుసులను సహజ ఐఎల్-2 కంటే గట్టిగా పట్టుకుంది. ఆల్ఫా ఉన్నా లేకున్నా ఒకే తీరుగా సంకేతం పంపింది. గ్రాహకంతో కలిసి ఉన్నప్పటి స్ఫటిక నిర్మాణం కంప్యూటర్ నమూనాకు చాలా దగ్గరగా వచ్చింది. ఎలుకలలో మెలనోమా, పెద్దపేగు క్యాన్సర్ నమూనాల మీద ఐఎల్-2 కంటే మెరుగైన ఫలితం, తక్కువ విషప్రభావం కనిపించాయి. ఆ ఎలుకల్లో దీనికి వ్యతిరేకంగా చెప్పుకోదగ్గ రోగనిరోధక స్పందన కూడా కనిపించలేదు. ఈ చివరి మాటను గుర్తుంచుకోండి, 14.8లో మళ్లీ దీని దగ్గరకు వస్తాం.

14.7 ఎన్ని నమూనాలకు ఎన్ని విజయాలు?

నియో-2/15 రూపకల్పనకు సహజ ఐఎల్-2 ఒక ఆధారంగా ఉంది. అలాంటి ఆధారమేదీ లేకుండా, లక్ష్యం నిర్మాణం మాత్రమే చూసి బంధకాన్ని రూపొందించగలమా అన్నది తరవాతి ప్రశ్న. 2022లో అదే విశ్వవిద్యాలయం ప్రచురించిన పరిశోధన అవునని చెప్పింది. ఇన్సులిన్ గ్రాహకం, బాహ్యచర్మ వృద్ధి కారకపు గ్రాహకం, ఐఎల్-7 గ్రాహకం వంటి 12 లక్ష్యాలకు బంధకాలు దొరికాయి. అన్నీ 65 అమైనో ఆమ్లాల కంటే చిన్నవే. ప్రయోగాలతో మెరుగుపరిచాక నానోమోలార్ నుంచి పికోమోలార్ స్థాయి బంధం వచ్చింది. అయిదు సంయోగాల స్ఫటిక నిర్మాణాలు తేల్చగా, అయిదూ నమూనాలతో సరిపోలాయి.

దీనికి చెల్లించిన ధర కూడా చూడాలి. ఆ పరిశోధనలో పరీక్షించిన నమూనాలు దాదాపు 5 లక్షలు. అతుక్కున్నవి వాటిలో ఒక శాతం కూడా లేవు. ఒక్కో లక్ష్యానికి వేలకొద్దీ డీఎన్ఏ ముక్కలు తయారుచేయించగల ప్రయోగశాలలకే ఆ పద్ధతి అందుబాటులో ఉండేది.

2023 నాటికి పరిస్థితి మారింది. 14.5లో చెప్పిన ఆర్ఎఫ్‌డిఫ్యూజన్, ప్రోటీన్‌ఎంపీఎన్ఎన్, ఆల్ఫాఫోల్డ్ తనిఖీ కలిపి వాడినప్పుడు, 5 లక్ష్యాలకు ఒక్కోదానికి 100 లోపు నమూనాలే పరీక్షించి మొత్తం మీద 19 శాతం విజయం సాధించారు. ఒక మామూలు జీవరసాయన ప్రయోగశాల కూడా చేయగల పని ఇది. 2024 రసాయనశాస్త్ర నోబెల్ బహుమతిలో సగం ప్రోటీన్ రూపకల్పనకు డేవిడ్ బేకర్‌కు, మిగతా సగం నిర్మాణ అంచనాకు డెమిస్ హస్సాబిస్, జాన్ జంపర్‌లకు దక్కింది.

విజయం అన్న మాటకు ఇక్కడ ఉన్న అర్థాన్ని మాత్రం జాగ్రత్తగా గమనించండి. నమూనా లక్ష్యానికి అతుక్కుంటే విజయంగా లెక్కించారు. అది మందుగా పనికివస్తుందని ఆ సంఖ్య చెప్పదు.

14.8 అతుక్కోవడం నుంచి మందు వరకు

రూపొందించిన ప్రోటీన్ రోగికి చేరాలంటే వరసగా నాలుగు ప్రశ్నలు దాటాలి.

మొదటి ప్రశ్న: అది ముడుచుకుని లక్ష్యానికి అతుక్కుంటుందా? ఇందులో కంప్యూటర్ ఇప్పుడు బాగా సాయపడుతోంది.

రెండో ప్రశ్న: అతుక్కున్నాక ఏం చేస్తుంది? సహజ సంకేత ప్రోటీన్ కూర్చునే చోటునే ఆక్రమిస్తే దారి మూసుకుపోయి సంకేతం ఆగుతుంది. అప్పుడది నిరోధకం. రెండు గొలుసులను సరైన దూరంలో, సరైన కోణంలో దగ్గరికి చేరిస్తే సంకేతం మొదలవుతుంది. అప్పుడది ఉత్తేజకం. రెంటికీ వియోజన స్థిరాంకం ఒకటే ఉండవచ్చు, ఫలితాలు మాత్రం పరస్పర విరుద్ధం.

మూడో ప్రశ్న: కావలసిన కణాలకే చేరుతుందా? ఒకే గ్రాహకం ఎన్నో రకాల కణాల మీద ఉంటుంది. ఐఎల్-2 విషయంలో మోతాదు కష్టాలు ఇక్కడి నుంచే వచ్చాయని చూశాం. నియో-2/15 ఆల్ఫా సమస్యను తీర్చింది. బీటా, గామా ఉన్న కణాలన్నిటినీ అది ఉత్తేజపరుస్తుంది, గడ్డ దగ్గర ఉన్నవాటిని మాత్రమే కాదు.

నాలుగో ప్రశ్న: శరీరం దాన్ని ఉండనిస్తుందా? నియో-2/15 విషయంలో అసలు పరీక్ష ఇక్కడే ఎదురైంది. రక్తంలో ఎక్కువసేపు నిలవడానికి దానికి పాలీఇథిలీన్ గ్లైకాల్ గొలుసును తగిలించి, ఎన్ఎల్-201 అనే పేరుతో 2021లో క్యాన్సర్ రోగులపై తొలి దశ పరీక్ష మొదలుపెట్టారు. 2022 నవంబరులో దాని అభివృద్ధిని నిలిపివేశారు. రోగుల శరీరాల్లో ఈ మందుకు వ్యతిరేకంగా ప్రతిరక్షకాలు తయారవడం అందుకు ఒక ముఖ్య కారణం. ఎలుకల్లో కనిపించని స్పందన మనుషుల్లో కనిపించింది.

ఇందులో జీవశాస్త్ర విద్యార్థికి ఆశ్చర్యం ఉండకూడదు. మన కణాలు ప్రోటీన్‌ను ముక్కలుగా కోసి, ఎంహెచ్‌సీ అణువుల మీద పెట్టి టీ కణాలకు చూపిస్తాయని మీరు చదివారు. ఈ అణువులు ఎలుకలలో వేరు, మనుషులలో వేరు, మనుషులలో కూడా ఒక్కొక్కరికి వేరు. పూర్తిగా కొత్తదైన వరస శరీరానికి పరాయిదే. కణాలను ఉత్తేజపరిచే మందు అయితే అది రోగనిరోధక వ్యవస్థను మేల్కొలుపుతూనే అందులోకి వెళుతుంది. అందుకే ఎంహెచ్‌సీకి అతుక్కోగల ముక్కలు వరసలో తక్కువగా ఉండేలా చూడటాన్ని కూడా రూపకల్పనలో భాగం చేసే ప్రయత్నాలు జరుగుతున్నాయి.

అదే పరాయితనం టీకాకు ఉపయోగపడుతుంది. కంప్యూటర్‌తో రూపొందించిన ప్రోటీన్ రేణువు మీద వైరస్ భాగాలను అమర్చి తయారుచేసిన కోవిడ్ టీకా స్కైకోవియోన్‌ను దక్షిణ కొరియా 2022 జూన్‌లో ఆమోదించింది. అక్కడ ప్రతిరక్షకాలు తయారవడమే లక్ష్యం.

ఎన్ఎల్-201 ఆగిపోయినంత మాత్రాన నియో-2/15 రూపకల్పన తప్పని చెప్పలేం. రూపకర్తలు అడిగిన ప్రశ్నలకు అది సరైన జవాబు ఇచ్చింది: ఆల్ఫాను ముట్టలేదు, బీటా, గామాలను గట్టిగా పట్టింది, నమూనాలో గీసిన ఆకారంలోనే ముడుచుకుంది. కంప్యూటర్‌ను అడగని ప్రశ్నకు జవాబు రోగుల్లో తెలిసింది. ఇకముందు మీరు పత్రికల్లో కంప్యూటర్ మందు కనిపెట్టింది అన్న వార్త చదివినప్పుడు, పై నాలుగు ప్రశ్నలలో ఎన్నింటికి జవాబు దొరికిందో వెతకండి. చాలా వార్తలు మొదటి ప్రశ్న దగ్గరే ఉంటాయి.

14.9 సారాంశం

ఐఎల్-2 గ్రాహకంలో ఆల్ఫా గొలుసు పట్టును పెంచుతుంది, బీటా, గామా సంకేతం పంపుతాయి. ఆల్ఫా ఎక్కువగా ఉన్న కణాలు కొద్ది మోతాదునూ లాక్కోవడం వల్ల చికిత్సలో మోతాదు పెంచాల్సి వచ్చింది, దానితో విషప్రభావమూ పెరిగింది. చదునైన తలాలను పట్టుకోవడానికి చిన్న ప్రోటీన్లు అనువైనవి. లక్ష్యం ఎంపిక, వెన్నెముక, వరస, కంప్యూటర్ తనిఖీ, ప్రయోగం అనే అయిదు దశలలో వాటిని రూపొందిస్తారు. శక్తి లెక్కలో 4 కిలోకెలోరీల పొరపాటు బంధాన్ని 1,000 రెట్లు బలహీనపరుస్తుంది. 2022లో ఒక శాతం లోపు ఉన్న విజయాలు 2023 నాటికి 19 శాతానికి చేరాయి. నియో-2/15 అతుక్కోవడంలోనూ సంకేతం పంపడంలోనూ నెగ్గింది. దాని నుంచి చేసిన మందు మాత్రం మనుషుల్లో తొలి దశ పరీక్షను దాటి ముందుకు వెళ్లలేదు.

14.10 కీలక పదాలు

గ్రాహకం: బయటి అణువును పట్టుకుని కణం లోపలికి సంకేతం పంపే ప్రోటీన్.
బంధకం: లక్ష్య ప్రోటీన్‌కు అతుక్కునేలా రూపొందించిన ప్రోటీన్.
వియోజన స్థిరాంకం: సగం గ్రాహకాలు నిండడానికి కావలసిన గాఢత.
ఉత్తేజకం: గ్రాహకానికి అతుక్కుని సంకేతాన్ని మొదలుపెట్టేది.
నిరోధకం: అతుక్కుని సంకేతాన్ని అడ్డుకునేది.

14.11 సరిచూసుకోవడానికి జవాబులు

1 అ) 90 ÷ 100 = 90 శాతం. ఆ) ఆల్ఫా ఉన్న కణాలు తక్కువ గాఢతలోనే ఐఎల్-2ను పట్టుకుంటాయి, కాబట్టి ఆల్ఫా లేని కణాలకు అందాలంటే మోతాదు పెంచాలి.
2 అ) వరసను ఎంచిన కార్యక్రమం చేసిన పొరపాటును అదే కార్యక్రమం పట్టుకోలేకపోవచ్చు, వేరే పద్ధతిలో చూస్తే బయటపడే అవకాశం ఎక్కువ. ఆ) చక్కెర గొలుసులు ప్రోటీన్ తలానికి అడ్డుపడతాయి, అటూ ఇటూ కదులుతుంటాయి, కాబట్టి బంధకానికి స్థిరమైన పట్టు దొరకదు.

14.12 మాదిరి పరీక్ష ప్రశ్నలు

I. ఈ కింది ప్రశ్నలకు 30 పంక్తులలో జవాబులు రాయండి.
1. చిన్న ప్రోటీన్ బంధకాన్ని కంప్యూటర్ సాయంతో రూపొందించే దశలను వివరించండి.
2. నియో-2/15 రూపకల్పనను, దాని నుంచి వచ్చిన మందుకు ఎదురైన అనుభవాన్ని చర్చించండి.

II. ఈ కింది ప్రశ్నలకు 10 పంక్తులలో జవాబులు రాయండి.
1. బంధానికి తోడ్పడే నాలుగు అంశాలు ఏవి?
2. ప్రోటీన్ రూపకల్పనలో రామచంద్రన్ పటం ఉపయోగమేమిటి?
3. వియోజన స్థిరాంకం ఒకటే అయిన రెండు బంధకాలలో ఒకటి ఉత్తేజకంగా, మరొకటి నిరోధకంగా ఎలా ఉండగలదు?